‘కాస్త వాకింగ్ చెయ్యండి’... ఎంత డాక్టరుగారూ?

డాక్టరుగారు రాసిచ్చిన చీటీని ఒకసారి జాగ్రత్తగా చూడండి. షుగరు మాత్ర: 500 మిల్లీగ్రాములు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, భోజనం తర్వాత. థైరాయిడ్ మాత్ర: పరగడుపున. కొలెస్ట్రాల్ మాత్ర: రాత్రి పడుకునే ముందు, మూడు నెలలు. ఎంత, ఎప్పుడు, ఎన్నాళ్లు... అన్నిటికీ లెక్క ఉంటుంది. చిట్టచివర, సంతకానికి కాస్త పైన ఒకే ఒక్క మాట కనిపిస్తుంది: ‘వాకింగ్’.

ఎంతసేపు? రాయలేదు. ఎంత వేగంగా? తెలీదు. మోకాలు నొప్పి ఉంటే? రాత్రి డ్యూటీ అయితే? ఇన్సులిన్ వేసుకునేవాళ్లు తిని నడవాలా, తినక ముందు నడవాలా? ‘నడవండి సార్, మంచిది’ అంటారు. బయట ఇంకా ముప్ఫైమంది కూర్చుని ఉన్నారు. పేషెంటు ‘అలాగేనండీ’ అంటాడు. మందుల షాపువాడు చీటీలో ఉన్నవన్నీ లెక్కపెట్టి ఇస్తాడు, ఆ చివరి మాట తప్ప. దానికి షాపు లేదు మరి!

నిజానికి ఆ చీటీలో ఉన్నవాటిలో ఎక్కువ జబ్బులకు పనికొచ్చే మందు అదే. షుగరు, బీపీ, గుండె, కాలేయంలో కొవ్వు, మోకాళ్లు, మనసులో దిగులు... ఇన్నిటి మీద పనిచేసే మాత్ర మరొకటి లేదు. మోతాదు చెప్పకుండా, చేయించే మనిషి లేకుండా, మళ్లీ అడిగే దిక్కు లేకుండా ఇస్తున్న మందూ అదొక్కటే.

రాళ్లు పోయి కుర్చీలొచ్చాయి

రాయదుర్గం అంటే ఒకప్పుడు చాలామందికి అనంతపురం వైపు ఊరే గుర్తొచ్చేది. హైదరాబాద్ పక్కనున్న రాయదుర్గం గుట్టలు, బండరాళ్లు, మేకల మందల ఊరు. 1998లో పక్కనే మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక ఒక్కో గుట్టా కరిగి ఒక్కో అద్దాల మేడ లేచింది. 2019 నవంబరులో మెట్రో రైలు రాయదుర్గం దాకా వచ్చింది. 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన వెలిసింది. 2022లో టీ-హబ్ కొత్త భవనం తెరిచారు. కూతవేటు దూరంలో కార్పొరేట్ ఆసుపత్రులు, సందు సందుకీ ఓ జిమ్ము.

మరి అక్కడ పనిచేసేవాళ్ల ఒళ్లు ఎలా ఉంది? జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు హైదరాబాద్‌లోని మూడు ఐటీ కంపెనీల ఉద్యోగులను పరీక్షించి 2023లో ఫలితాలు ప్రచురించారు. 44 శాతం మంది అధిక బరువు, దాదాపు 17 శాతం మంది స్థూలకాయులు. నూటికి 46 మందిలో మెటబాలిక్ సిండ్రోమ్ కనిపించింది. అంటే పొట్ట చుట్టుకొలత, బీపీ, షుగరు, ట్రైగ్లిజరైడ్లు, మంచి కొలెస్ట్రాల్... ఈ అయిదింటిలో కనీసం మూడు గాడి తప్పాయన్నమాట. 2025లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 345 మంది ఐటీ ఉద్యోగులపై చేసిన అధ్యయనం ఇంకాస్త గట్టిగా తట్టింది. వారిలో 84 శాతం మంది కాలేయంలో కొవ్వు పేరుకుంది!

ఇది ఒక్క ఐటీ వాళ్ల గోల కాదు. 2022 నాటికి మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మంది చాలినంతగా ఒళ్లు కదపడం లేదని ‘లాన్సెట్ గ్లోబల్ హెల్త్’ 2024లో లెక్కతేల్చింది. మగవాళ్లలో 42 శాతం, ఆడవాళ్లలో 57 శాతం. ఇంటిపనితోనే ఒళ్లు హూనమైపోతుంటే వ్యాయామం వేరే ఎందుకనుకునే ఇల్లాళ్లు ఈ 57ను రెండోసారి చదవాలి.

సుశ్రుతుడు మోతాదు రాశాడు

వ్యాయామాన్ని మందులా రాయడం విదేశాలవాళ్లు కనిపెట్టిన ఫ్యాషనేం కాదు. సుశ్రుత సంహితలో ప్రమేహ చికిత్స అధ్యాయం ఉంది. ఇప్పుడు మనం మధుమేహం అంటున్నది ఆ ప్రమేహాల్లోనిదే. డబ్బూ బంధువులూ లేని రోగి చెప్పులు, గొడుగు లేకుండా, భిక్ష తింటూ, ఏ ఊళ్లోనూ ఒక రాత్రికి మించి ఉండకుండా నూరు ఆమడలో అంతకన్నా ఎక్కువో నడవాలన్నాడు ఆయన. బావి తవ్వమనీ చెప్పాడు. చిక్కిపోయిన రోగిని మాత్రం ఎప్పుడూ కాపాడుకుంటూ ఉండాలన్నాడు. నూరు ఆమడల సంగతి అలా ఉంచితే, గమనించాల్సింది ఒకటుంది. రోగిని బట్టి మందు. ఎవరికి ఎంత, ఎవరికి వద్దు అన్నది ఆయన విడదీసి చెప్పాడు. మన చీటీల్లో లేనిది సరిగ్గా ఇదే.

ఆధునిక వైద్యానికి ఈ పాఠం నేర్పింది డబుల్ డెక్కర్ బస్సు. లండన్‌లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు రవాణా సంస్థ ఉద్యోగులను పరిశీలించి 1953లో ఫలితాలు ప్రకటించాడు. డ్రైవరూ కండక్టరూ ఒకే బస్సులో, ఒకే రోడ్డు మీద తిరుగుతారు. ఒకాయన రోజంతా కూర్చుంటాడు. రెండో ఆయన టిక్కెట్లు కొడుతూ పైకీ కిందికీ రోజుకు అయిదారువందల మెట్లు ఎక్కుతాడు. గుండె జబ్బు కండక్టర్లకే తక్కువగా వచ్చింది. వచ్చినా ప్రాణం మీదికి తెచ్చింది తక్కువే. హైదరాబాద్ రోడ్ల మీదా ఒకప్పుడు డబుల్ డెక్కర్లు తిరిగాయి. ఇవాళ రాయదుర్గంలో ఇరవై అంతస్తుల మేడలున్నాయి కానీ మెట్లెక్కేవాళ్లు లేరు. అందరం డ్రైవర్లమే అయిపోయాం.

డాక్టరు పంపితే... అక్కడ ఎవరున్నారు?

మంచిదని తెలిశాక దాన్ని జనం చేత చేయించడం ఎలా? ఇంగ్లండ్‌లోని హెయిల్‌షామ్ అనే చిన్న ఊళ్లో 1990లో ఓ పద్ధతి మొదలైంది. డాక్టరు పేషెంటుకు చీటీ రాసి ఊళ్లోని వ్యాయామ కేంద్రానికి పంపుతాడు. అక్కడ శిక్షణ పొందిన మనిషి ఆ చీటీ చదివి, జబ్బును బట్టి కసరత్తు ఏర్పాటు చేసి, పది పన్నెండు వారాలు దగ్గరుండి చేయిస్తాడు. ఖర్చులో రాయితీ. ఆఖర్లో కబురు మళ్లీ డాక్టరుకు చేరుతుంది. ఈ పద్ధతి బ్రిటన్ అంతటా పాకింది. న్యూజిలాండ్ 1998లో ‘గ్రీన్ ప్రిస్క్రిప్షన్’ మొదలుపెట్టింది. అక్కడ డాక్టరు పచ్చచీటీ రాస్తే, క్రీడా సంస్థ నుంచి ఓ మనిషి పేషెంటుకు ఫోన్ చేసి ‘ఈ వారం ఎలా సాగింది’ అని అడుగుతాడు. స్వీడన్‌లోనూ ఇలాంటి చీటీలు ఉన్నాయి. 2007లో అమెరికా వైద్యులు ‘వ్యాయామమే మందు’ అంటూ ఓ ఉద్యమమే ప్రారంభించారు.

అన్నీ శుభంగానే జరిగాయా? లేదు. చెప్పుకోవాల్సింది అదే. బ్రిటన్‌లో చీటీ తీసుకున్నవాళ్లలో చాలామంది మధ్యలోనే మానేశారు. ఆరంభశూరత్వం మన సొత్తు మాత్రమే కాదు! ఈ పథకాల వల్ల జనం కదలిక పెరిగింది కానీ ఆ పెరుగుదల కొద్దిదేనని పరిశోధనలను పోగేసి చూసినవాళ్లు తేల్చారు. అందుకే 2014లో ఆ దేశ ఆరోగ్య మార్గదర్శక సంస్థ ‘నైస్’ స్పష్టంగా చెప్పింది. జబ్బేమీ లేకుండా ఊరికే బద్ధకంగా ఉన్నవాళ్ల కోసం ఇలాంటి పథకాలకు డబ్బు పెట్టొద్దు. జబ్బో, జబ్బు ముప్పో ఉన్నవాళ్లకు పెట్టండి. అదీ అలవాటు మార్చే తోడ్పాటు, లెక్కాపత్రం ఉంటేనే.

అదే పథకాన్ని వేల్స్ ప్రాంతం 2007లో కాస్త మార్చి నడిపింది. పదహారు వారాల కసరత్తు, మధ్యలో ఫోన్లు, ఏడాది దాకా ఆరా. 2,160 మంది మీద పరీక్షిస్తే గుండె జబ్బు ముప్పుతో వచ్చినవాళ్లలో కదలిక పెరిగింది. న్యూజిలాండ్‌లో 878 మంది మీద చేసిన పరీక్షలో పచ్చచీటీ అందుకున్నవాళ్లు మిగతావాళ్లకన్నా వారానికి అరగంటకు పైగా ఎక్కువ వ్యాయామం చేశారు. చీటీ ఒక్కటే ఇస్తే చాలదు. చీటీ వెనక ఓ మనిషి కావాలి.

పుస్తకం ఒకరికి, మనిషి ఒకరికి

ఈ మాట ఎంత నిజమో 2025లో వెలువడిన ఓ ఫలితం చూస్తే తెలుస్తుంది. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమోథెరపీ పూర్తయిన 889 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు వ్యాయామం, ఆహారం గురించి చక్కని పుస్తకాలిచ్చి పంపారు. రెండో జట్టులో ఒక్కొక్కరికీ ఓ వ్యాయామ సలహాదారును అప్పగించారు. వారానికి మూడు నాలుగు సార్లు ముప్పావుగంటో గంటో చురుగ్గా నడిచినంత కసరత్తు పెంచాలి. ఆ సలహాదారు మూడేళ్లపాటు వెన్నంటి ఉన్నాడు. అయిదేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు పుస్తకాల జట్టులో 74 శాతం, మనిషి తోడున్న జట్టులో 80 శాతం. ఎనిమిదేళ్లకు బతికి ఉన్నవాళ్లు మొదటి జట్టులో 83 శాతం, రెండోదాంట్లో 90 శాతం. కొత్త క్యాన్సర్ మందు ఇంత పనిచేస్తే పత్రికల మొదటి పేజీకి ఎక్కుతుంది.

పుస్తకం ఇవ్వడమంటే ‘వాకింగ్ చెయ్యండి’ అనడమే. రెండు జట్లకూ వ్యాయామం మంచిదని తెలుసు. తేడా తెలియడంలో లేదు, తోడులో ఉంది.

మన దగ్గర రుజువులు లేవా అంటే, ఉన్నాయి. షుగరు అంచున ఉన్న 531 మంది మీద చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం చేసిన పరిశోధన 2006లో వచ్చింది. నడక, తిండి మార్పులతో మధుమేహం వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్రతో 26.4 శాతం. రెండూ కలిపి ఇచ్చినా అంతకుమించి లాభం రాలేదు. అంటే ఒళ్లు కదిపి, తిండి సర్దుకున్న మనిషి మాత్రతో సమానంగా గెలిచాడు. అక్కడా ఊరికే చెప్పి వదిలెయ్యలేదు. ఫోన్లు చేశారు, మళ్లీ మళ్లీ పిలిచి మాట్లాడారు.

గుండెపోటు వచ్చినవాళ్ల కోసం దేశంలోని 24 ఆసుపత్రుల్లో 3,959 మందితో ‘యోగా-కేర్’ అనే పరీక్ష జరిగింది. మూడు నెలల్లో 13 తరగతులు. 2020లో వచ్చిన ఫలితం నిజాయతీగా ఉంది. మొత్తం మీద చూస్తే మరణాలు, మళ్లీ గుండెపోట్లు తగ్గాయని చెప్పలేం. కానీ యోగా నేర్చినవాళ్లు తమ ఆరోగ్యం మెరుగైందన్నారు, మునుపటి పనుల్లో పడ్డారు. కనీసం పది తరగతులకు వచ్చినవాళ్లలో ముప్పూ తక్కువగా కనిపించింది. ఖరీదైన యంత్రాలేమీ లేకుండా, ఓ చాప, ఓ గురువుతో ఇది సాధ్యమైంది.

ముగ్గురికి మూడు చీటీలు

రాయదుర్గంలో ఏ క్లినిక్ ముందు నిలబడినా కనిపించే ముగ్గురిని తీసుకుందాం.

మొదటివాడు ముప్ఫై నాలుగేళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అమెరికా వేళల్లో పని. రాత్రి రెండింటికి ఆఖరి కాల్, అర్ధరాత్రి బిర్యానీ. స్కానింగ్‌లో కాలేయంలో కొవ్వు, రక్తపరీక్షలో షుగరు అంచున. ఇతణ్ని పొద్దున్నే అయిదింటికి లేచి నడవమంటే ఉన్న నిద్ర కూడా పోతుంది. అతని చీటీ ఇలా ఉండాలి: వారానికి 150 నిమిషాల చురుకైన నడక, ఏ వేళయినా సరే. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అదీ వేగం కొలత. వరసగా రెండు రోజులు మానకూడదు. ఎందుకంటే పనిచేసిన కండరం ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే రక్తంలో చక్కెరను లాక్కుంటుంది. ఆ చురుకుదనం ఒకటి రెండు రోజులే నిలుస్తుంది. వారానికి రెండుసార్లు బరువులో, దండీలు బస్కీలో. భోజనం చేసిన ప్రతిసారీ పది నిమిషాల నడక. షుగరున్నవాళ్లు రోజులో ఎప్పుడో ఒకసారి అరగంట నడిచేకన్నా, తిన్న తర్వాత పదేసి నిమిషాలు నడిస్తే భోజనానంతర చక్కెర ఎక్కువ తగ్గుతుందని న్యూజిలాండ్‌లో 2016లో తేలింది. బరువు కాటా కదలకపోయినా నిరాశ వద్దు. వ్యాయామం కాలేయంలో కొవ్వును బరువుతో నిమిత్తం లేకుండానే కొంత కరిగిస్తుంది.

రెండో ఆమె అతని తల్లి. మనవణ్ని చూసుకోవడానికి ఊరి నుంచి వచ్చి పద్నాలుగో అంతస్తులో ఉంటోంది. బీపీ, మోకాళ్ల నొప్పులు. ఊళ్లో ఉన్నప్పుడు పొలం, పెరడు, గుడి... కాలు నిలిచేది కాదు. ఇక్కడ లిఫ్టు, సోఫా, టీవీ. ‘నడవండమ్మా’ అంటే ‘నడిస్తేనే కదయ్యా నొప్పి’ అంటుంది. ఆమెకు ముందు కావాల్సింది తొడ కండరాలకు బలం. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని మడమలెత్తడం. మొదట్లో ఫిజియోథెరపిస్టు దగ్గరుండి చూపాలి. డెన్మార్క్‌లో 2013 నుంచి మోకాళ్ల నొప్పులవాళ్లకు రెండు పాఠాలు, పన్నెండు కసరత్తు తరగతులతో ఓ పద్ధతి నడుస్తోంది. అరిగిన కీలుకు కదలిక శత్రువు కాదని మొదటి పాఠంలోనే చెబుతారు. కాస్త నొప్పి ఉన్నా భయపడక్కర్లేదు. మర్నాటికి అది సర్దుకుంటే చాలు.

మూడో ఆమె ఆ అద్దాల మేడనే తుడిచే హౌస్‌కీపింగ్ ఉద్యోగి. ఎనిమిది గంటలు నిలబడే పని, పైన బస్సు ప్రయాణం. ఆమెకూ బీపీ ఉంది. ‘నువ్వు రోజంతా కష్టపడతావుగా, నీకు వ్యాయామం ఎందుకు’ అనేస్తారు. డెన్మార్క్‌లోనే లక్షమందికి పైగా జనాన్ని పరిశీలించి 2021లో ప్రచురించిన అధ్యయనం దీనికి అడ్డుచెప్పింది. తీరిక వేళ చేసే వ్యాయామం గుండెను కాపాడింది. పనిలో పడే బరువు శ్రమ కాపాడలేదు సరికదా, ముప్పునే పెంచింది. విశ్రాంతి లేకుండా, గంటల తరబడి, ఒకే భంగిమలో చేసే పని గుండెకు శిక్షణ కాదు, భారం. ఆమె చీటీలో మొదటి వాక్యం వ్యాయామం గురించి ఉండకూడదు. మధ్యాహ్నం కూర్చునే అరగంట గురించి ఉండాలి. ఆ చీటీ వెళ్లాల్సింది ఆమె చేతికి కాదు, సూపర్‌వైజరు చేతికి.

ముగ్గురికీ ‘వాకింగ్’ అనే ఒకే మాట రాస్తే ఒకరికి కుదరదు, ఒకరికి నొప్పి, ఇంకొకరికి అన్యాయం.

మందన్నాక జాగ్రత్తలుంటాయి

గుండె జబ్బు ఉన్నవాళ్లు, నడుస్తుంటే ఛాతీ బరువెక్కేవాళ్లు, కళ్లు తిరిగేవాళ్లు పరీక్ష చేయించుకోకుండా కొత్త కసరత్తు మొదలుపెట్టకూడదు. విశ్రాంతిగా ఉన్నప్పుడే బీపీ 180/110 దాటుతుంటే ముందు దాని సంగతి చూడాలి. ఇన్సులిన్‌గానీ, చక్కెరను బాగా దించే కొన్ని మాత్రలుగానీ వాడేవాళ్లు మొదలుపెట్టేముందు షుగరు చూసుకోవాలి. 90కి తక్కువుంటే కాస్త తిని బయల్దేరాలి. జేబులో చక్కెరో గ్లూకోజో ఉండాలి. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు బూట్లు సరిపోవాలి, ఇంటికి రాగానే అరికాళ్లు చూసుకోవాలి. షుగరు వల్ల కంటి రెటీనా బాగా దెబ్బతిన్నవాళ్లు ఊపిరి బిగబట్టి బరువులెత్తకూడదు. జిమ్ములో కుర్రాడికి ఇవన్నీ తెలియకపోవచ్చు. అతనికి తెలియజెప్పే కాగితం డాక్టరు రాయాలి. ఆ కాగితం ఇప్పుడు లేదు.

అతికించాల్సింది ఇదొక్కటే

స్టెంటు వెయ్యడానికి బీమా ఉంది. ఆ తర్వాత పన్నెండు వారాల వ్యాయామానికి డబ్బిస్తారా అని అడిగితే చాలాచోట్ల తల అడ్డంగా ఊపుతారు. కంపెనీలో జిమ్ము ఉంటుంది, డాక్టరూ ఉంటాడు. ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు ఉంటాడు, ఎముక విరిగితేనే అటు పంపుతారు. ఆయుష్ ఆరోగ్య కేంద్రాల్లో యోగా శిక్షకులున్నారు, బస్తీ దవాఖానాలో బీపీ మాత్ర తీసుకునేవాళ్లలో ఎందరికి వాళ్ల సంగతి తెలుసు? దుర్గం చెరువు చుట్టూ నడకదారి ఉంది, కొండాపూర్‌లో బొటానికల్ గార్డెన్ ఉంది. డాక్టరు, శిక్షకుడు, చోటు... మూడూ రాయదుర్గం చుట్టూ రెండు మూడు కిలోమీటర్లలోనే ఉన్నాయి. లేనిదల్లా వాటిని కలిపే ఓ చీటీ, వారానికోసారి మోగే ఓ ఫోను.

అది కంపెనీలు పెట్టొచ్చు, ఆసుపత్రులు పెట్టొచ్చు, ప్రభుత్వం పెట్టొచ్చు. వాళ్లు పెట్టేదాకా పేషెంటు చెయ్యగలిగింది ఒకటుంది. ఈసారి డాక్టరు ‘కాస్త వాకింగ్ చెయ్యండి’ అన్నప్పుడు ‘అలాగేనండీ’ అని లేవకుండా ఇంకో నిమిషం కూర్చోవడం. ‘వారానికి ఎన్నిసార్లు డాక్టరుగారూ? ఎంతసేపు? ఎంత వేగం? నాకు ఏది వద్దు? మళ్లీ ఎప్పుడు వచ్చి చూపించాలి?’ అని అడిగి, జవాబులు ఆ చీటీ మీదే రాయించుకోవడం. ఆ కాగితాన్ని మందుల డబ్బాలో కాకుండా ఇంట్లో ఒకరి చేతిలో పెట్టడం. భార్యో, భర్తో, పక్క ఫ్లాటు పిన్నిగారో... ‘ఇవాళ అయిందా?’ అని రోజూ అడిగేవాళ్లు ఒకరుంటే చాలు. బ్రిటన్ పాతికేళ్లు పథకం నడిపి నేర్చుకున్నది కూడా దాదాపు అంతే.